ఇల్లు అమ్మే ముందు చేసుకోవాల్సిన చిన్న పనులు: నీళ్లతో మొదలుపెట్టండి, రంగు చివర్న వేయండి

ఇల్లు అమ్మాలనుకునే ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: "ఏం చేయిస్తే మంచి ధర వస్తుంది? ఎంత పెట్టొచ్చు?" సూటిగా చెప్పాలంటే, కొనేవాళ్ల కంటికి, ముక్కుకి, చేతికి తగిలే చిన్న లోపాలన్నీ సరిచేయండి. అంతకు మించి దాదాపు ఏమీ చేయించకండి. వంటగది మొత్తం కొత్తగా కట్టించడం, బాత్రూములో టైల్సన్నీ పగలగొట్టి కొత్తవి వేయించడం లాంటి పెద్ద పనులకు పెట్టిన డబ్బు ధరలో పూర్తిగా తిరిగి రావడం కష్టం. కొనేవాళ్లు వాటిని తమకు నచ్చినట్టు మార్చుకోవాలనే అనుకుంటారు. కుళాయి కారుతూ కనిపిస్తే మాత్రం "కనిపించేదే ఇలా ఉంటే కనిపించనిది ఎలా ఉందో" అన్న అనుమానం మొదలవుతుంది. ధర తగ్గించమని అడిగేది ఆ అనుమానంతోనే.

ఇక్కడ వరస చాలా ముఖ్యం. ముందు నీళ్లు, తర్వాత గోడలో చెమ్మ, తలుపులు, కరెంటు, పగుళ్లు, ఆ పైన రంగు, చివర్న శుభ్రం. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది. కొత్త రంగు వేశాక పైపు కారుతోందని గోడ పగలగొట్టించే ఇళ్లు తక్కువేం కాదు. మొత్తానికి మూడు నుంచి ఐదు వారాలు చేతిలో ఉంచుకోండి. అందులో సగానికి పైగా ఆరడానికే పోతుంది.

కావలసినవి

- స్క్రూడ్రైవర్ల సెట్టు, సర్దుబాటు చేసుకునే పానా, కరెంటు టెస్టర్, టార్చిలైటు
- టెఫ్లాన్ టేపు, రకరకాల సైజుల రబ్బరు వాషర్లు
- పుట్టీ బ్లేడు ఒకటి వెడల్పుది, ఒకటి సన్నది, గీకడానికి గట్టి స్క్రేపర్
- ఉప్పుకాగితం: 120, 180, 220 నంబర్లు
- లప్పం (వాల్ పుట్టీ), పగుళ్లకు అక్రిలిక్ ఫిల్లర్, ఫైబర్ జాలీ టేపు, ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత), ఎమల్షన్ (నీటి రకం గోడ రంగు)
- రోలరు, 2 అంగుళాల బ్రష్షు, మాస్కింగ్ టేపు, నేల మీద పరవడానికి పాత దుప్పట్లు
- బూజు పట్టని రకం సిలికాన్ సీలెంటు, దాన్ని వత్తే గన్ను, టైల్స్ గ్రౌట్ (టైల్స్ మధ్య సందులు నింపే ముద్ద)
- చెక్క పని జిగురు, అగ్గిపుల్లలు
- మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు

1. ఇంటిని కొత్తవాళ్లలా చూసి రాసుకోండి

కాగితం, పెన్ను పట్టుకుని బయట గేటు దగ్గర నుంచి మొదలుపెట్టండి. ప్రతి తలుపూ తెరిచి మూయండి. ప్రతి కుళాయీ తిప్పండి, ప్రతి స్విచ్చూ వేయండి, ప్రతి కిటికీ జరపండి. కొనడానికి వచ్చేవాళ్లు సరిగ్గా ఇవే చేస్తారు. రోజూ ఆ ఇంట్లోనే ఉండేవారికి లోపాలు అలవాటైపోయి కనిపించవు కాబట్టి, వీలైతే ఆ ఇంట్లో ఉండని మనిషిని ఒకరిని వెంట తిప్పండి. వాసన సంగతి వాళ్లనే అడగాలి. సొంత ఇంటి వాసన సొంతవాళ్లకు తెలియదు.

జాబితా పూర్తయ్యాక ఒక్కో పని పక్కన "నేనే", "మేస్త్రి", "వదిలేయాలి" అని రాయండి. మూడోది కూడా అవసరమే. అన్నీ చేయాలని కూర్చుంటే ఏదీ సరిగ్గా పూర్తి కాదు.

2. నీళ్ల కారుడు ఆపండి

ముందు దాగిన కారుడు ఉందో లేదో చూడండి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు అంకె రాసుకోండి. రెండు గంటలు ఎవరూ నీళ్లు వాడకూడదు. అంకె కదిలితే ఎక్కడో కారుతోందన్నమాట. మీటరు లేకపోతే ట్యాంకు మట్టం గుర్తుపెట్టి, లోపలికి నీళ్లు రాకుండా వాల్వు కట్టి, రాత్రంతా వదిలి పొద్దున్నే చూడండి.

ఫ్లష్ ట్యాంకు చప్పుడు లేకుండా కారుతుంది. ట్యాంకులో వంటల్లో వాడే రంగు కొద్దిగా కలిపి, అరగంట ఫ్లష్ చేయకుండా ఉంచండి. కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు మూత సరిగ్గా కూర్చోవడం లేదు. చాలావరకు ఆ రబ్బరు మార్చడంతో సరిపోతుంది.

కారే కుళాయికి:

- ముందు ఆ కుళాయికి వచ్చే నీటి వాల్వు కట్టండి. తర్వాత కుళాయి తెరిచి పైపులో మిగిలినవి పోనివ్వండి.
- మూతి నుంచి చుక్కలు పడితే వాషర్ అరిగింది. తిప్పే పిడి చుట్టూ చెమ్మగిల్లితే స్పిండిల్ (పిడితో పాటు తిరిగే లోపలి కడ్డీ) దగ్గరి రింగు అరిగింది. రెండూ వేరు వేరు లోపాలు.
- వాషర్ కొత్తది వేసినా చుక్క ఆగకపోతే, వాషర్ కూర్చునే లోపలి ఇత్తడి అంచు గుంటలు పడి ఉంటుంది. వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది. అలాంటప్పుడు కుళాయి మార్చడమే మేలు.
- ఒకే లీవరుతో పనిచేసే మిక్సర్లలో వాషర్ ఉండదు, సెరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. ఇది 35, 40 మిల్లీమీటర్ల వ్యాసాల్లో ఎక్కువగా వస్తుంది. పాతది వెంట తీసుకెళ్లి సరిపోల్చే కొనండి.
- టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మర చివర మీ వైపు ఉండేలా పట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టండి. అర అంగుళం ఫిట్టింగుకు పల్చని టేపు 8 నుంచి 10 చుట్లు చాలు. వ్యతిరేక దిక్కున చుడితే బిగించేటప్పుడు టేపు ముడుచుకుని బయటికి వచ్చేస్తుంది. ఎక్కువ మంది చేసే తప్పు ఇదే. రెండోది, కారడం ఆగలేదని బలమంతా పెట్టి బిగించడం. దాంతో ప్లాస్టిక్ మరలు చిట్లుతాయి.

సరిచూడటం సులువు. పైపు అతుకు చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి గంట తర్వాత తీసి చూడండి. చేతికి తెలియని చెమ్మ కాగితానికి తెలుస్తుంది.

3. గోడలో చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోండి

ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లను వెనక్కి పంపేవాటిలో మొదటిది గోడ మీద చెమ్మ. అందుకే అందరూ దాని మీద తొందరగా రంగు కొట్టేస్తారు. కొద్ది వారాల్లోనే రంగు బుడగలు కట్టి పెచ్చులుగా రాలుతుంది, అప్పటికి ఇల్లు ఇంకా అమ్ముడై ఉండకపోవచ్చు కూడా.

మచ్చ ఎక్కడుందో దాన్నిబట్టి కారణం చాలావరకు తెలుస్తుంది. నేల నుంచి సుమారు ఒక మీటరు ఎత్తు వరకు పట్టీలా ఉండి తెల్లగా ఉప్పు తేలితే నేలలోంచి పైకి పాకుతున్న చెమ్మ. కిటికీ కింది మూలల్లో అయితే ఫ్రేముకీ గోడకీ మధ్య సందు. బాత్రూము వెనక గోడ మీద అయితే టైల్స్ సందులు లేదా పైపు. పైకప్పులో గుండ్రటి గోధుమరంగు మరక ఉంటే పైనుంచి దిగుతున్న నీళ్లు. బీరువా వెనక, గాలి ఆడని మూలలో నల్లటి చుక్కల బూజు కనిపిస్తే అది చాలాసార్లు గదిలోని ఆవిరి చల్లటి గోడకు పట్టడం వల్ల వచ్చేదే.

సందేహం ఉంటే ఈ పరీక్ష చేయండి. సుమారు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటు గోడకు పెట్టి నాలుగు అంచులా టేపుతో గాలి దూరకుండా అంటించండి. ఒకటి రెండు రోజులు వదలండి. షీటు లోపలివైపు, అంటే గోడవైపు తడి చేరితే చెమ్మ గోడలోంచి వస్తోంది. బయటివైపు తడిస్తే గదిలో ఆవిరి ఎక్కువ. మొదటిదానికి మూలం వెతకాలి. రెండోదానికి కిటికీలు తెరిచి ఉంచడం, ఎగ్జాస్ట్ ఫ్యాను, బీరువాను గోడకు నాలుగు వేళ్ల దూరం జరపడం చాలు.

మూలం ఆగాక:

- గోడ మీది ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి చెత్తలోకి ఎత్తండి. నీళ్లతో కడగకండి. ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.
- గోడ మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టుకుంటూ పోండి. గట్టిగా ఉన్నచోట టక్ టక్ అని బిగువుగా వినిపిస్తుంది. సిమెంటు వదిలేసినచోట కుండ మీద తట్టినట్టు డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికినంత మేరా, ఆ పైన ఇంకో జానెడు కూడా కొట్టించేయాలి.
- కొత్తగా చేయించిన సిమెంటు పూత మీద రంగు వేసే ముందు నాలుగు వారాలు ఆరనివ్వాలి. తొందరపడితే లప్పం తేలిపోతుంది.
- బూజును తుడిచే ముందు మాస్కు పెట్టుకుని కిటికీలు తెరవండి. బ్లీచును యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ ఎప్పుడూ కలపకండి. వచ్చే వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ఆరే సమయం లేకపోతే ఆ గోడను వదిలేసి, కారణం ఏమిటో, ఏం మరమ్మతు చేయించారో కొనేవాళ్లకు చెప్పండి, బిల్లు ఉంటే చూపండి. తెలిసిన లోపాన్ని దాచి అమ్మడం చాలాచోట్ల చట్టపరంగా అమ్మినవారి మెడకే చుట్టుకుంటుంది. లోపలివైపు వాటర్‌ప్రూఫ్ రంగు కొట్టి మూసేయడం కూడా దాచడమే. పైగా చెమ్మ పక్కకు జరిగి ఇంకోచోట తేలుతుంది.

4. తలుపులు, గడియలు

తలుపు మూయండి. చుట్టూ సందు సుమారు 3 మిల్లీమీటర్లు సమానంగా ఉండాలి. గడియ వైపు పై మూల రాసుకుంటోందంటే రంపం, చిత్రిక జోలికి పోకండి. పై బందు వదులైంది. తలుపు కింద చెక్క దన్ను పెట్టి బందు స్క్రూలు బిగించండి. స్క్రూ ఊరికే తిరుగుతుంటే రంధ్రం పెద్దదైంది. అగ్గిపుల్లల తలలు తీసేసి, జిగురులో ముంచి, రంధ్రం బిగువుగా నిండేదాకా దూర్చండి. రాత్రంతా ఆరనిచ్చి, బయటికి ఉన్నది కోసి, అదే స్క్రూ మళ్లీ ఎక్కించండి. చెక్క ద్వారబంధం అయితే పై బందుకు ఒక స్క్రూ 75 మిల్లీమీటర్ల పొడవుది వేస్తే తలుపు బరువు లోతుగా పట్టుకుంటుంది.

ఇంకా రాసుకుంటే అప్పుడే చిత్రిక. అదీ వానాకాలంలో వద్దు. తడికి ఉబ్బిన చెక్కను చెక్కితే ఎండాకాలంలో సందు పెద్దదవుతుంది. చెక్కిన అంచుకు వెంటనే ప్రైమర్ గానీ పాలిష్ గానీ పట్టించండి. పచ్చి చెక్క నీరు పీల్చి మళ్లీ ఉబ్బుతుంది.

కిర్రుమనే బందుకు పిన్ను తీసి తుడిచి పెట్రోలియం జెల్లీ రాయండి. తాళం కప్పలో నూనె పోయకండి. దుమ్ము పట్టి ముద్ద కడుతుంది, గ్రాఫైట్ పొడి వాడండి. వంటగది అల్మారా తలుపులు వంకరగా వేలాడుతుంటే, బందు లోపల స్క్రూలున్నాయి చూడండి: ముందున్నది తలుపును పక్కకు జరుపుతుంది, వెనకది ముందుకీ వెనక్కీ జరుపుతుంది. బందు పలకను అల్మారాకు పట్టి ఉంచిన స్క్రూలు వదులు చేస్తే తలుపు పైకీ కిందికీ జరుగుతుంది. ఒక్కోసారి అర చుట్టు మాత్రమే తిప్పండి.

5. కరెంటు

మెయిన్ కట్టేయండి, టెస్టర్‌తో కరెంటు లేదని రూఢి చేసుకోండి. టెస్టర్ సరిగ్గా పనిచేస్తోందో ముందే కరెంటున్న ప్లగ్గులో చూసి ఉండాలి. పసుపెక్కిన స్విచ్ పలకలు మార్చడం, ఊగే ప్లగ్గులు బిగించడం మీ పని. కాలిన మరక, వేడెక్కే ప్లగ్గు, చిటచిట శబ్దం, ముట్టుకుంటే జిల్లుమనడం ఎలక్ట్రీషియన్ పని. మెయిన్ బోర్డులో షాక్ నుంచి కాపాడే స్విచ్ ఉంటే, కరెంటు తిరిగి వేశాక దాని టెస్ట్ బటన్ నొక్కండి. వెంటనే పడిపోవాలి. పడకపోతే మార్పించండి.

ఒక గదిలో బల్బులన్నీ ఒకే రంగు వెలుగువి పెట్టండి. పడకగదికీ హాలుకీ 2700 నుంచి 3000 కెల్విన్, వంటగదికి 4000 బాగుంటాయి. ఒకటి పసుపు, ఒకటి తెలుపు కలిస్తే కొత్త రంగు వేసిన గోడ కూడా మాసినట్టు కనిపిస్తుంది.

6. పగుళ్లు, మేకు రంధ్రాలు

ముందు ఏ పగులు దేనిదో తేల్చండి. వెంట్రుక మందంలో, 1 మిల్లీమీటరు లోపు ఉంటే పైపూతది. 5 మిల్లీమీటర్లు దాటినా, తలుపు లేదా కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకినా, మెట్లు మెట్లుగా ఉన్నా, గోడకు రెండు వైపులా కనిపించినా పూడ్చకండి. స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. పెరుగుతోందో లేదో తెలియాలంటే పగులు చివర్లలో పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేయండి.

చిన్న పగుళ్లను స్క్రేపర్ మూలతో 'వి' ఆకారంలో 5 మిల్లీమీటర్ల దాకా తెరవండి. తెరవకుండా పైన లప్పం రుద్దితే అది పట్టదు. దుమ్ము దులిపి, ప్రైమర్ తాకించి, ఫిల్లర్ వత్తండి. స్తంభానికీ ఇటుక గోడకూ కలిసేచోట నిలువు పగులు మళ్లీ మళ్లీ వస్తుంది. అక్కడ సాగే అక్రిలిక్ ఫిల్లర్ పెట్టి, పైన ఫైబర్ జాలీ టేపు వేసి, ఆ మీద లప్పం పట్టండి. మేకు రంధ్రాల్లో ఫిల్లర్ కొంచెం ఉబ్బెత్తుగా వదలండి, ఆరాక కుంగుతుంది. పూర్తిగా ఆరిన తర్వాతే రుద్దండి.

7. రంగు

కొలత ఇలా వేయండి. గది 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు అనుకుందాం. (12 + 10) × 2 × 10 = 440 చదరపు అడుగులు. తలుపు 21, కిటికీ 20 తీసేస్తే సుమారు 400. రెండు కోట్లకు 800. నున్నటి గోడకు లీటరు ఎమల్షన్ ఒక కోటుకు సుమారు 100 చదరపు అడుగులు వస్తుందనుకుంటే 8 లీటర్లు. డబ్బా మీద రాసిన లెక్కతో పోల్చి, పావులీటరో అరలీటరో ఎక్కువ కొనండి. అన్ని డబ్బాలూ ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోండి. కుదరకపోతే పెద్ద బకెట్లో కలిపేయండి.

రంగు ఎంపికలో మీ ఇష్టాన్ని పక్కన పెట్టాలి. తెలుపుకు దగ్గరగా ఉండే లేత రంగు ఒక్కటే ఇల్లంతా వేస్తే గదులు పెద్దవిగా కనిపిస్తాయి, మిగిలిన రంగు పక్క గదికి పనికొస్తుంది.

- పాత గోడను అరచేతితో రుద్దండి. పొడి అంటితే దులిపి, తడిగుడ్డతో తుడిచి, ప్రైమర్ తప్పనిసరిగా వేయండి. పొడి మీద వేసిన రంగు పొడితోపాటే రాలిపోతుంది.
- పాత రంగు నూనెదా నీటిదా? దూదిని మెథిలేటెడ్ స్పిరిట్‌లో ముంచి రుద్దండి. రంగు దూదికి అంటితే నీటిది. అంటకపోతే నూనెది కావచ్చు. దాన్ని 180 నంబరు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, పట్టు ఇచ్చే ప్రైమర్ వేశాకే ఎమల్షన్ వేయాలి.
- చాలా పాత ఇళ్లలో కింది పొరల్లో సీసం ఉండవచ్చు. పొడిగా రుద్దకండి. తడి చేసి, మాస్కు వేసుకుని, పిల్లల్నీ గర్భిణుల్నీ దూరంగా ఉంచి చేయండి.
- లప్పం రెండు పల్చటి పూతలుగా పట్టండి, ఒక్కొక్కటి సుమారు 1 మిల్లీమీటరు. మందంగా ఒకేసారి పట్టిస్తే చిట్లుతుంది. ఆరాక 180తో, తర్వాత 220తో రుద్ది దుమ్ము తుడవండి.
- ప్రైమర్ ఒక కోటు, ఎమల్షన్ రెండు. కోటుకీ కోటుకీ మధ్య డబ్బా మీద చెప్పినంత సమయం, సాధారణంగా 4 గంటలు. వాతావరణం తేమగా ఉంటే ఇంకా ఎక్కువ.
- ముందు పైకప్పు, తర్వాత గోడలు, చివర్న చెక్క. మూలలు బ్రష్షుతో గీసి, ఆరకముందే రోలరు తిప్పండి. అంచు ఆరాక తిప్పితే చట్రంలా గీత కనిపిస్తుంది.
- మాస్కింగ్ టేపు రంగు పూర్తిగా ఎండకముందే తీయండి.

అక్కడక్కడా మచ్చలకు మాత్రమే రంగు పూసి సరిపెట్టకండి. డబ్బాలో మిగిలిన పాత రంగే అయినా, గోడ వెలిసి ఉంటుంది కాబట్టి ముక్క వేసినట్టు కనిపిస్తుంది. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఆ గోడంతా వేయండి.

చీకటి పడ్డాక లైట్లు ఆర్పి, టార్చిలైటును గోడకు ఆనించినట్టు పట్టుకుని వెలుగు గోడ వెంట జారేలా చూడండి. పగలు కనిపించని ఎత్తుపల్లాలు, ఇసుక గింజలు, రోలరు గీతలు నీడలతో సహా బయటపడతాయి. ఇది లప్పం రుద్దిన రోజే ఒకసారి చేస్తే, రంగయ్యాక బాధపడే పని ఉండదు.

8. టైల్స్ సందులు, సిలికాన్

నల్లబడిన గ్రౌట్‌ను యాసిడ్‌తో కడగకండి. సిమెంటు గ్రౌట్‌ను అది తినేస్తుంది, పాలరాతిని మచ్చలు చేస్తుంది. 2 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు గీకి, దుమ్ము తీసి, కొత్త గ్రౌట్ ఏటవాలుగా వత్తండి. నీళ్లు ఎక్కువైతే ఆరాక పొడిపొడిగా రాలుతుంది, వేరుశెనగ పేస్టులా చిక్కగా ఉండాలి. 15 నుంచి 30 నిమిషాల తర్వాత పిండిన స్పాంజితో తుడిచి, 24 గంటలు తడపకండి.

సింకు, వాష్ బేసిన్ అంచుల్లో పాత సిలికాన్ పూర్తిగా కోసి తీయండి. పాతదాని మీద కొత్తది అంటదు. స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా పొడిగా అయ్యాక, సందుకు రెండు వైపులా టేపు వేసి, గొట్టం మూతి 45 డిగ్రీల కోణంలో కోసి, ఆగకుండా ఒకే లాగుడులో వత్తండి. సబ్బునీళ్లలో ముంచిన వేలితో ఒక్కసారి నున్నగా చేసి, 5 నిమిషాల్లోపే టేపు లాగేయండి. ఒక రోజు నీళ్లు తగలనివ్వకండి. సిలికాన్ మీద రంగు నిలవదు కాబట్టి, రంగు వేయాల్సిన సందులకు అక్రిలిక్ సీలెంటు వాడాలి.

9. వాసన, శుభ్రం

మురుగు వాసన వస్తుంటే ముందు నేల జాలీల్లో ఒక్కో చెంబు నీళ్లు పోయండి. జాలీ కింద వంపులో నిలిచే నీళ్లే వాసనను అడ్డుకుంటాయి. వాడని బాత్రూములో అవి ఆవిరైపోతాయి. తాళం వేసి ఉంచే ఇల్లయితే ఆ నీళ్ల మీద ఒక చెంచా వంటనూనె పోస్తే త్వరగా ఎండవు. సెంటు కొట్టడం మాత్రం వద్దు. దేన్నో కప్పిపుచ్చుతున్నారని వచ్చినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

కిటికీ పట్టాల్లో మట్టిని పాత పళ్లబ్రష్షుతో తీసి వాక్యూమ్ చేయండి. స్విచ్చుల చుట్టూ, తలుపు పిడి దగ్గర చేతి మరకలు తుడవండి. ఫ్యాను రెక్కల పైభాగం చూడండి. అటకల్లో, అల్మారాల్లో సామాను మూడో వంతు తీసేయండి. చూడటానికి వచ్చినవాళ్లు అల్మారా తెరుస్తారు, కిక్కిరిసి ఉంటే ఇంట్లో చోటు లేదనుకుంటారు.

10. ఫోటోలు, చూపించే రోజు

రంగు పని ముగిసి కనీసం వారం అయ్యాక, కిటికీలు తెరిచి వాసన పోయాక ఫోటోలు తీయండి. పగటి వెలుగులో కర్టెన్లు జరిపి, లైట్లన్నీ వేసి, గది మూలలో నిలబడి, ఫోన్ ఛాతీ ఎత్తులో నిటారుగా పట్టుకోండి. వంచితే గోడలు పడిపోతున్నట్టు వస్తాయి. కమోడ్ మూత వేసి ఉంచండి, చెత్తబుట్టలు తీసేయండి.

చూడటానికి వచ్చే రోజు గంట ముందు కిటికీలు తెరవండి. కుళాయిలన్నీ ఒకసారి తిప్పి ఎర్రనీళ్లు పోనివ్వండి, జాలీల్లో నీళ్లు పోయండి, బల్బులన్నీ వెలుగుతున్నాయో చూడండి. చేయించిన పనుల బిల్లులు, గోడకు వేసిన రంగు పేరు, నంబరు ఒక కవరులో పెట్టి వంటగది గట్టు మీద ఉంచండి.